ఆకుకూర వద్దన్న బిచ్యా

సారపాక కాగితం మిల్లులో పర్మినెంటు ఉద్యోగం రాగానే బిచ్యా భార్య జమ్లితో క్వార్టర్‌లో కాపురం పెట్టాడు. టేకులపల్లి దగ్గరి వాళ్ల తండాలో అలా మిల్లు క్వార్టర్‌కు వచ్చిన మొదటివాడు అతనే. జమ్లికి ఊరికే కూర్చోవడం చేతకాదు. ఇంటి వెనుక కాస్త నేల తవ్వి తోటకూర, పాలకూర, చుక్కకూర గింజలు చల్లింది. ఇద్దరూ చిన్నప్పటినుంచి జొన్నరొట్టె, ఆకుకూర మీద పెరిగినవాళ్లే.

ఒకరోజు క్యాంటీన్‌లో బిచ్యా డబ్బా మూత తీయగానే, అదే షిఫ్టులో పనిచేసే పిచ్చయ్య తొంగి చూశాడు.

"ఏంది బిచ్యా, రోజూ ఆకులేనా? అడివి ఇడిచొచ్చినా మేత మారలేదా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బిచ్యా కూడా నవ్వి, తినకుండానే డబ్బా మూత పెట్టేశాడు.

ఆ ఆదివారమే పిచ్చయ్య ఏదో పనిమీద ఇంటికి వచ్చాడు. పెరట్లో ఏపుగా పెరిగిన తోటకూర వైపు అతను చూపు తిప్పగానే బిచ్యా కంగారుగా, "ఇదంత మా ఆమె పిచ్చి. మేం తినం, పీకేస్తున్న" అంటూ వంగి మొక్కలు వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టాడు. జమ్లి చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె మళ్లీ విత్తనం చల్లలేదు, ఆకుకూర వండలేదు. డబ్బాలోకి వేపుళ్లు, ఆవకాయ వచ్చాయి; ఆదివారాలు ఇంట్లో మాంసం. అతను లావెక్కాడు.

కొన్నేళ్లు గడిచాయి. 2009 ఎండాకాలంలో మిల్లు మెట్లెక్కుతుంటే బిచ్యాకు ఛాతీ పట్టేసినట్టయింది. గోదావరి దాటి భద్రాచలంలో భార్గవి అనే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. గుండెపోటు కాదని తేలింది కానీ బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఆమె మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమంది.

"ఆకుకూరలు, బీట్‌రూట్ బాగా తిను. వాటిల్ల నైట్రేట్ అని ఉంటది. తిన్నంక నోట్లో ఉండే సూక్ష్మజీవులు దాన్ని మారుస్తయి. ఆఖరికి రక్తనాళాలు కొంచెం వదులైతయి, గుండె మీద భారం తగ్గుతది. బయటి దేశాల్ల బీట్‌రూట్ రసం తాగించి చూసిండ్రు, బీపీ కొంత దిగింది. ఇంకా పరీక్షలు చేస్తనే ఉన్నరు. కాబట్టి మాత్ర మాత్రం మానొద్దు. ఇంట్ల ఆకుకూర వండుతరు కదా?"

"వండుతరు మేడం" అన్నాడు బిచ్యా.

ఇంటికి వచ్చి ఉప్పు సంగతి చెప్పాడు. ఆకుకూర మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తానే మొక్కలు పీకేసి, మళ్లీ వండిపెట్టమని ఎలా అడగాలి? వీలున్నప్పుడు భద్రాచలం వెళ్లి ఒక మెస్‌లో తోటకూర పప్పు తినేవాడు. మిల్లువాళ్లెవరైనా లోపలికి వస్తే దాని మీద సాంబారు పోసి కప్పేసేవాడు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు జమ్లి కూడా వచ్చింది. బీపీ పెద్దగా తగ్గలేదు. డాక్టరు జమ్లి వైపు తిరిగింది.

"ఆకుకూరలు పెట్టమన్న కదమ్మా, పెడుతున్నవా?"

జమ్లి ఆ మాట వినడం అదే మొదలు. మొగుడి వైపు చూసింది. అతను బీపీ మిషన్ వైపు చూస్తున్నాడు.

"నాకు వండుడు రాదు మేడం" అంది జమ్లి.

"ఆకుకూర వండుడు రాదా? మీ ఆయన గుండె సంగతి నీకు గింత కూడ పట్టదా?"

తలుపు దగ్గర కూర్చున్న రోగులంతా విన్నారు. జమ్లి తల దించుకుంది. బిచ్యా చెవులు కాలిపోయాయి. చీటీ తీసుకుని బయటికి నడిచాడు.

ఆమె మందుల షాపు ముందు నిలబడితే అతను ఆమె వీపు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఉన్నట్టుండి వెనక్కి వెళ్లి, లోపల వేరే రోగి ఉన్నా ఆగకుండా డాక్టరుతో చెప్పేశాడు.

"మేడం, ఆమెకు వండుడు వచ్చు. మంది నవ్విండ్రని చెట్లన్ని నేనే పీకేసిన. మీరు తినమన్నరని గూడ ఆమెకు చెప్పలే."

భార్గవి రాస్తున్న చీటీ పక్కన పెట్టింది. తర్వాత లేచి మందుల షాపు దాకా వచ్చి, "తెలవక అన్నమ్మా, మనసుల పెట్టుకోకు" అంది జమ్లితో. జమ్లి నమస్కారం పెట్టింది.

గోదావరి వంతెన మీద నడుస్తుంటే బిచ్యా తమ లంబాడీ భాషలో మెల్లగా అడిగాడు.

"వండుడు రాదని ఎందుకు చెప్పినవ్?"

"మందిల నీ పరువు పోతదని."

ఆ పరువు కోసమే కదా తాను మొక్కలు పీకింది.

తొలకరికి జమ్లి గింజలు చల్లింది. క్యాంటీన్‌లో కొత్తగా చేరినవాడొకడు డబ్బాలోకి చూసి, "ఆకుకూరనా అన్నా?" అని మామూలుగానే అడిగితే, "డాక్టర్ తినమన్నది" అన్నాడు బిచ్యా. అన్నాక తనమీద తనకే రోత పుట్టింది. తన తల్లి పెట్టిన తిండి తినడానికి ఇంకొకరి పేరు చెప్పుకోవలసి వచ్చింది.

మాత్రలు, ఉప్పు తగ్గించడం, రోజూ ఆకుకూర అన్నీ కలిసి ఆ చలికాలానికి బీపీ దారికొచ్చింది. ఏది ఎంత పనిచేసిందో తాను విడదీసి చెప్పలేనంది డాక్టరు. మాత్ర మాత్రం ఆగలేదు.

ఒకరోజు అన్నం తింటూ బిచ్యా కంచంలోకే చూస్తూ అడిగాడు.

"నాడు చెట్లు పీకినప్పుడు నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. శానా ఏండ్లు ఉండె" అంది జమ్లి, ఇంకో గరిటె కూర వేస్తూ. "తిను, చల్లారుతది."