ఈతకొలను పక్కన టేకు మొద్దు

నేను కోపిష్టిని కాను. సాయంత్రం ఆరున్నరకు రాయదుర్గం నుంచి కొత్తగూడ దాకా ట్రాఫిక్‌లో కారు నడిపి కూడా నవ్వుతూ ఇల్లు చేరిన చరిత్ర నాకుంది. అలాంటి నన్ను ఒక చెట్టు మొద్దు మీద కూర్చోబెట్టి పళ్లు నూరించిన ఘనత మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిగారిది. ఆ కోపం ఇంకా దిగలేదు. దిగాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనన్న భయంతో ఇప్పుడే రాసేస్తున్నాను.

మా దగ్గర నాలుగు టవర్లు. ఫ్లాటుకొక అభిప్రాయం, కార్నర్ ఫ్లాట్లకు రెండు. ఆ నాలుగింటి నడుమ ఒక టేకు చెట్టు ఉండేది. బిల్డర్ కంటే ముందునుంచీ ఉన్న చెట్టు. దాని ఫొటో బ్రోషర్‌లో వేసి, నీడను కూడా చదరపు అడుగుల్లో కలిపి మాకు అమ్మాడని నా గట్టి అనుమానం. ఒక ఆకు రాలితే కింద స్కూటర్ కనిపించేది కాదు. రెండు రాలితే కారు కోసం సెక్యూరిటీని పిలవాల్సి వచ్చేది.

ఈ ఏడు తొలకరి పడింది. గేటు దగ్గరున్న రెండో టేకు చెట్టు ఏనుగు చెవులంత ఆకులు వేసింది. నడిమిది మాత్రం ఒక్క చిగురైనా వేయలేదు. నెల చూశారు, చచ్చిపోయిందన్నారు, కోయించారు. అంతటితో ఆగితే నేను కన్నీరు కార్చి ఊరుకునేవాణ్ని. కార్యదర్శిగారు ఆగలేదు. పగలు ఆఫీసులో ఏది చెడినా ఎవరి వల్ల చెడిందో తేల్చడమే ఆయన ఉద్యోగం. క్లబ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ పెట్టి, చెట్టు చావు మీద పద్దెనిమిది స్లైడ్లతో 'రూట్ కాజ్ అనాలిసిస్' చేశారు. ఆ పద్దెనిమిదింట్లో వేరు ఉన్న స్లైడ్ ఒక్కటీ లేదు. చివరి స్లైడ్ మీద ఎర్ర అక్షరాలతో తేల్చింది ఏమంటే, తోటమాలి నీళ్లు సరిగ్గా పోయలేదు. రాబోయే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఆమోదం, నెలాఖరుకు ఉద్యోగం ఖతం.

తోటమాలిది నారాయణపేట వైపు పల్లె. మా దగ్గర చేరి మూడేళ్లు. భార్య రెండో టవర్ మెట్లు ఊడుస్తుంది. ఇద్దరూ సెల్లార్‌లో జనరేటర్ పక్క గదిలో ఉంటారు. ఒకరు పక్కకు తిరగాలంటే ఇంకొకరు బయటికి వెళ్లి రావాల్సినంత విశాలమైన గది. ఉద్యోగం పోతే ఆ మహలూ పోతుంది.

శుక్రవారం పొద్దున కిందికి దిగేసరికి అతను తడిగుడ్డతో మొద్దును తుడుస్తున్నాడు.

"చచ్చినదానికి స్నానమెందుకన్నా?" అన్నాను.

"జర ఇటు రాండ్రి సార్. లోపల గీతలు గింత ఎడం ఎడం ఉన్నయి. అంచుకొచ్చేసరికి ఎంటికె కూడా పట్టకుంట దగ్గర బడ్డయి. గిట్ల ఎందుకైతది?"

వంగి చూశాను. నిజమే. నడుమంతా వేలు వెడల్పు వలయాలు. బెరడు దగ్గర మాత్రం సన్నని గీతలు, నెలాఖరులో ఇల్లాలు పోసే పాలలాగా.

లెక్కపెట్టాను. మొదటిసారి నలభై ఎనిమిది వచ్చింది. రెండోసారి నలభై ఆరు. మూడోసారి ఫోన్ మోగింది. ఇక లాభం లేదని నాలుగో అంతస్తు మేడమ్‌ను బతిమాలి తీసుకొచ్చాను. ఆమె వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. ఆమె కసిరితే కుండీల్లో తులసి కూడా నిటారుగా నిలబడుతుందని ప్రతీతి.

ఆమె భూతద్దం తీసి ఒక్క క్షణం చూశారు. "రంపం గాట్ల మీదే లెక్కపెట్టావటయ్యా? గరుకు కాగితం తెచ్చి రుద్దు. తర్వాత తడుపు."

రుద్దాను. రెండు గంటలు రుద్దాను. నా వేలిముద్రలు ఎంత అరిగాయంటే, సోమవారం ఆఫీసు యంత్రం నన్ను ఉద్యోగిగా గుర్తించలేదు. కానీ మొద్దు అద్దమైంది.

"టేకు ఎండల్లో ఆకు రాల్చి పడుకుంటుంది," అన్నారు మేడమ్. "తొలకరికి లేచి ఆవురావురుమంటూ పెద్ద పెద్ద రంధ్రాల కలప వేస్తుంది. ఆ రంధ్రాల వరుసే ఏడాదికో గీత. అన్ని చెట్లూ ఇలా చెప్పవు. వేపను సాక్ష్యానికి పిలిచావో, నిన్నే జైల్లో పెట్టిస్తుంది."

"మరి నాకు రెండు లెక్కలెందుకు వచ్చాయి?"

"ఒకసారి గేటు వైపు లెక్కపెట్టి ఉంటావు, ఒకసారి కొలను వైపు. తిండి లేని వైపు ఒక్కో ఏడు గీతే పడదు. అందుకే నాలుగు వైపులా చూడాలి. పైగా నువ్వు నడిమి నుంచి మొదలుపెట్టావు. పుట్టినరోజు కావాలంటే అలా చెయ్యి. చావు సంగతి కావాలంటే బెరడు నుంచి లోపలికి రా."

బెరడు నుంచి వచ్చాం. గేటు వైపు సన్నని గీతలు ఆరు. ఏడోది ఒక్కసారిగా వేలు వెడల్పు. కొలను వైపు ఆ ఆరింట్లో కనిపించేవి నాలుగే.

ఆరేళ్ల కిందట ఇక్కడ ఏం జరిగింది? వెతకనక్కర్లేదు. తల ఎత్తితే చాలు. మొద్దుకు నాలుగడుగుల దూరంలో ఈతకొలను. దాని గోడకు పాలరాతి పలక. ఆ పలక మీద కొలను తవ్వించిన నెల, సంవత్సరం, కింద బంగారు అక్షరాల్లో కార్యదర్శిగారి పేరు. ఆరేళ్ల కిందటి ఎండాకాలం. చెట్టు నిద్రలో ఉండగా పొక్లెయిన్ తెచ్చి ఒక వైపు వేళ్లన్నీ నరికారు. ఆ తర్వాత ఆరేళ్లు అది పస్తులుండి చచ్చింది. తోటమాలి వచ్చేనాటికే దానికి సగం ప్రాణం పోయింది.

నా ఒంట్లో రక్తం ఎంత మరిగిందంటే, దాంతో నాలుగు టవర్లకూ టీ కాచవచ్చు.

శనివారం పొద్దున మొద్దును పెకిలించి టైల్స్ వేయడానికి యంత్రం వచ్చింది. నేను వెళ్లి మొద్దు మీద కూర్చున్నాను. నా బరువు గురించి ఇంట్లో వినని మాట లేదు. ఆ రోజు అది మొదటిసారి సమాజానికి పనికొచ్చింది. కాసేపటికి బాల్కనీలన్నీ నిండాయి. కార్యదర్శిగారు షార్ట్స్‌తో దిగివచ్చారు.

"ఏంటండీ ఇది, చిన్నపిల్లాడిలాగా? లేవండి."

లేవలేదు. కూర్చున్నచోటి నుంచే చూపించాను. ఆరు గీతలు, కొలను, పలక. ఆయన పలకను మొదటిసారి చూసినట్టు చూశారు.

"మీరు మరీ ఎమోషనల్ అవుతున్నారండి. ఆ ఆరేళ్లూ వానలు సరిగ్గా లేవేమో? దానికి కొలనేం చేస్తుంది?"

నేను నోరు తెరిచాను. ముప్పై ఏళ్లుగా పత్రికలకు పంచులు రాస్తున్నవాడికి, కావలసిన క్షణాన ఒక్కటీ తట్టలేదు. అప్పటికే కిందికి దిగివచ్చిన మేడమ్ ఏదో అనబోతుంటే తోటమాలి కదిలాడు. సెల్లార్‌లోకి వెళ్లి, తాను పీటగా వాడుకుంటున్న దుంగ ఒకటి చంకన పెట్టుకొని వచ్చాడు.

"గిది గేటు కాడి చెట్టు కొమ్మ సార్. కరెంటు తీగలకు తాకుతుందని పోయిన నెలనే కొట్టిన్రు. దానికి గిదే వాన, దీనికి గిదే వాన. నీళ్లు పోసింది గూడ నేనే. సూడుండ్రి."

మేడమ్ దుంగను తడిపి భూతద్దం పెట్టారు. కొమ్మ కాబట్టి గీతలు సన్నవే. కానీ అంచు దాకా ఒకే తీరుగా ఉన్నాయి. చివరి ఆరింట్లో ఎక్కడా బిగుసుకోలేదు.

"వాన తక్కువైతే రెండు చెట్లూ చెప్పాలి," అన్నారామె. "ఒక్కటే చెప్పిందంటే వాన కాదు నాయనా."

బాల్కనీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. కార్యదర్శిగారు ఫోన్ చూసుకున్నారు. ఆయనకు అర్జెంటుగా కాల్ వచ్చింది. ఫోన్ మోగడం మాత్రం ఎవరూ వినలేదు.

ఆదివారం తీర్మానం మారింది. తోటమాలి ఉంటాడు. సంతోషించాలి కదా? మినిట్స్ చదివాక నాకు మళ్లీ ఒళ్లు మండింది. 'చెట్టు సహజ కారణాల వల్ల మరణించినది. తోటమాలిపై ఆరోపణను సంఘం పెద్దమనసుతో ఉపసంహరించుకొన్నది.' సహజ కారణాలట! పొక్లెయిన్ అడవిలో పుట్టి పెరిగిన జంతువైనట్టు! అతనికి సారీ చెప్పాలని నేనంటే, అది అజెండాలో లేదన్నారు.

వారం తిరిగేసరికి మొద్దు పోయింది. టైల్స్ మాట మాని దాని స్థానంలోనే కొత్త టేకు మొక్క నాటాలని, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలని నిర్ణయం. కార్యదర్శిగారు ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. గుంత తయారుగా ఉంది. తోటమాలి మొక్క పట్టుకున్నాడు గానీ దించడం లేదు.

"ఏంటయ్యా, కానివ్వు," అన్నారు కార్యదర్శిగారు.

అతను నా వైపు తిరిగాడు. "సార్, మీరు రాసేటోళ్లు గద. ఒక కాయితం రాయుండ్రి. ఈ మొక్క కొలను గోడకు నాలుగడుగుల దూరముంది, గా పక్కకు అంత సిమెంటే ఉంది, ఏర్లు వోయేటందుకు జాగ లేదు అని. ఇయ్యాల తారీకు ఏసి సెక్రటరీ సార్ తోటి సంతకం పెట్టించుండ్రి."

"అదెందుకు?" అన్నారాయన.

"మల్ల గిది ఎండితే కోసి సూసుడెందుకు సార్? కాయితం తీసి సూస్తే అయిపాయె."

కెమెరా పట్టుకున్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను అక్కడే, కారు బానెట్ మీద కాగితం పెట్టి, ఒక్క విశేషణం కూడా లేకుండా రాశాను. నా జీవితంలో నేను ఏదీ పెంచకుండా రాసింది అదొక్కటే. ఆయన జేబులు తడుముకున్నారు.

"పెన్ను లేదండి."

నేను మూడు తీసి చాపాను. మొదటిది రాయలేదు. రెండోది సిరా కక్కింది. మూడోదానితో ఆయన సంతకం పెట్టారు. తోటమాలి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి భార్య చేతికిచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది. అప్పుడు అతను మొక్కను గుంతలోకి దించాడు.