ధర్మపురికి మోసుకెళ్ళిన ఇంజనాయిల్ డబ్బా

1986 జూన్‌లో ఒక గురువారం తెల్లవారుజామున ఐదున్నరకు చిత్తూరు బస్టాండులో కాట్పాడి బస్సెక్కాను. ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో నాలుగు లీటర్ల ఇంజనాయిల్ డబ్బా. ధర్మపురిలో మా రుక్మిణక్క ఉంటుంది. ఆమె భర్త జయరామన్ బావకు ఒక పాత అంబాసిడర్ ఉంది, దాన్నే టాక్సీగా తిప్పుతాడు. ఏడాదిగా ఆ కారు వెనకాల నీలం పొగ వదులుతూ, లీటర్ల కొద్దీ నూనె తాగుతూ ఆయన ప్రాణం తోడేసింది. చివరికి ఇంజను విప్పించి, అరిగిన సిలిండర్ల లోపలి గోడలకు బోరింగు చేయించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేయించాడు.

"ఈ తూరి కూడా పొగ వస్తే కారు అమ్మేసి బొంబాయి లైను లారీ ఎక్కుతానంటా ఉండాడు మీ బావ. ఎక్కితే నెలకొక దినం కూడా ఇంట్లో ఉండడు. వచ్చే శుక్రవారం ఇంజనుకు కొత్త నూనె పొయ్యల్ల. నువ్వు కచ్చితంగా రావల్ల" అని అక్క ఉత్తరం రాసింది.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నూనె విషయం కాబట్టి నా సలహా కోసమే పిలుస్తున్నారని వెంటనే నిర్ణయించేసుకున్నాను. మన బజార్లో దొరికేది భూమిలోంచి తోడిన చమురును శుద్ధి చేసిన మామూలు నూనె. విదేశాల్లో ఇప్పుడు సింథటిక్ నూనె వస్తోంది. అందులో అణువులను కావలసిన కొలతకు కూర్చి తయారు చేస్తారు. అది వేడికి తొందరగా పలచబడదు, మాడదు, ఇంజను అరగనివ్వదు. ఒక విదేశీ పత్రికలో దీని గురించి వచ్చిన వ్యాసాన్ని మూడుసార్లు చదివాను. మస్కట్‌లో పనిచేసే మా సహోద్యోగి తమ్ముడు సెలవుకు వస్తుంటే ప్రాధేయపడి ఒక డబ్బా తెప్పించాను. ఫలానా నూనె తెస్తున్నానని, మామూలు నూనె కొనవద్దని అక్కకు జవాబు కూడా రాశాను.

కాట్పాడిలో ఏడున్నర ప్యాసింజరు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. జోలార్‌పేటలో బండి చాలాసేపు ఆగుతుంది. అక్కడ ఇడ్లీ పొట్లం వేడిగా ఉంటుంది, కాఫీ మాత్రం నీళ్ళే. ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఇడ్లీతో సరిపెట్టుకోవడం మంచిది.

ఎదురుగా హరూర్ వేరుశెనగ వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారట, చదవడం మాత్రం రాదట. డబ్బాలో ఏముందని అడిగి, మూత తీయించి వాసన చూశాడు. "వాసనే లేదు. వాసన లేని నూనెను నమ్మేదెట్ల సార్?" అన్నాడు. అంతే, నేను తిరుపత్తూరు దాకా అణువుల గురించి పాఠం చెప్పాను. ఆయన సగంలోనే కునుకు తీశాడు. లేచాక ఏమనుకున్నాడో, "మేము కొత్త గానుగలో మొదటే మంచి గింజలు వెయ్యం సార్. పిప్పి వేసి నాలుగు దినాలు ఆడిస్తాం. రోలూ రోకలీ ఒకదాన్నొకటి ఒరుసుకోని కుదురుకోవల్ల" అన్నాడు. నేను చెప్పినదానికీ దీనికీ సంబంధం లేదనుకుని మర్యాదకు తల ఊపాను.

పన్నెండున్నరకు మొరప్పూరులో దిగాను. వ్యాపారి హరూర్ బస్సెక్కాడు, నేను ధర్మపురి బస్సెక్కాను. గంట ప్రయాణం. దారి పొడుగునా చింతచెట్లు, ఎర్రనేల, ఎండకు కళ్ళు మూసుకుపోయే వెలుతురు. డబ్బా మోసి మోసి నా కుడిచేతి వేళ్ళు కమిలిపోయాయి.

అక్క ఇల్లు బస్టాండుకు నడిచిపోయే దూరమే. గడపలోనే డబ్బాను నా చేతిలోంచి రెండు చేతులా అందుకుంది. తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి పటాల ముందు దీపం పక్కన ఉంచింది. మస్కట్ నుంచి వచ్చిన డబ్బా అలా పేరంటాలిలా కూర్చోవడం చూసి నాకు నవ్వొచ్చింది. బావ దాన్ని చూశాడు, "సరి" అన్నాడు, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

సంగటి, ఉలవచారుతో భోజనం పెడుతూ అక్క అసలు సంగతి చెప్పింది. బావ వాళ్ళ ఇళ్ళలో ఇంజను తిరగకట్టించిన బండి అంటే మళ్ళీ పుట్టిన బిడ్డ కిందే లెక్క. చెవులు కుట్టించేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చున్నట్టు, ఆ బండికి మొదటి నూనె ఇంటి పిల్లల మేనమామ చేత్తోనే పోయించాలి. నన్ను రమ్మన్నది అందుకు. నా కెమిస్ట్రీతో ఎవరికీ పనిలేదు, నా చెయ్యి చాలు. కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజమే.

"చెయ్యి మాత్రం తెస్తావనుకుంటి. నువ్వు సీరే తెచ్చినావు" అంది అక్క. సీరు అంటే పుట్టింటి నుంచి మేనమామ తెచ్చే కానుక. ఆమె ముఖం వెలిగిపోతోంది. పక్కింటామెకు, ఎదురింటామెకు అప్పటికే చెప్పేసిందట.

నాలుగు గంటలకు కారు బాగవుతున్న షెడ్డుకు ఒక్కణ్ణే వెళ్ళాను. బావకు ఏదో దగ్గరి బాడుగ మాట్లాడే పని ఉందన్నాడు. మెకానిక్ మునిసామికి యాభై ఏళ్ళుంటాయి, మాటలు తక్కువ. బల్ల మీద మామూలు నూనె డబ్బా అప్పటికే తెచ్చి పెట్టుకున్నాడు. కొనవద్దని రాశాను కదా అని నాకు చిరాకేసి, సింథటిక్ గొప్పతనమంతా మళ్ళీ మొదలుపెట్టాను. అతను చివరిదాకా విన్నాడు. తర్వాత నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి, కొత్తగా బోరింగయిన వేరే ఇంజనొకటి చూపించి, సిలిండరు లోపలికి వేలు పెట్టి తడిమి చూడమన్నాడు. అద్దంలా ఉంటుందనుకున్నాను. గోటికి సన్నగా తగిలీ తగలనట్టు, అడ్డదిడ్డంగా గీతలున్నాయి.

"ఆ గీతలు మేమే పెడతాం సార్. కొత్త రింగు ఆ గీతల మీద ఒరుసుకోని, ఒరుసుకోని, గోడకు అతుక్కోవల్ల. అప్పుడే నూనె పైకి రాదు, పొగ రాదు. మీరు తెచ్చింది ఒరుసుకోనియ్యని నూనె అని మీరే చెప్తిరి. నేనెప్పుడూ అది వాడింది లేదు, మంచిదే అయ్యుంటాది. రింగులు కుదిరినాక పొయ్యండి. ఇప్పుడు పోస్తే కుదరవని నాకు రొంబ భయం."

రైల్లో వ్యాపారి చెప్పిన గానుగ మాట గుర్తొచ్చింది. దానికంటే కష్టంగా ఇంకోటి గుర్తొచ్చింది. నేను మూడుసార్లు చదివిన వ్యాసంలోనే ఒక వాక్యం ఉంది: కొత్త ఇంజను మొదట మామూలు నూనెతో కొన్నివేల మైళ్ళు తిరిగాకనే ఇది వాడాలని. మూడుసార్లూ దాని మీదుగా కళ్ళు పరుగెత్తించాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడికి నాలుగో కాలు కనిపిస్తుందా?

ఈ మాట బావకు ఎందుకు చెప్పలేదని మునిసామిని అడిగాను.

"మీ జవాబు వచ్చిన దినమే చెప్పినాను సార్. అన్నకు అంతా తెలుసు. మేనమామ సీరు వద్దంటే అక్క పుట్టింటిని వద్దన్నట్టే, అది నా నోట రాదు అన్నాడు. ఈ ఇంట్లో ఆ మాట చెప్పగలిగేది మీరొక్కరే."

ఇంటికి నడిచి వస్తున్నప్పుడు సిగ్గుగా ఉంది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న ఇరకాటంలో బావను పెట్టింది నేను. పైగా ఆయన నా మీద ఒక్క మాట పడనివ్వలేదు.

దీపాలు పెట్టే వేళకు వంటింట్లో అక్క దగ్గర కూర్చుని చెప్పాను. ఆ నూనె రేపు పొయ్యకూడదని, పొరపాటు నాదేనని. అక్క పప్పు ఎనపడం ఆపింది.

"నువ్వు తెచ్చింది వద్దనేదానికి ఈ ఇంట్లో ఎవరికి రా అధికారం?"

"వద్దంటున్నది నేనే కదక్కా."

వీధిలో అందరికీ చెప్పుకున్నానే అని అక్క కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి, రింగులు కుదిరిందాకా ఉండనీలే అంటూ డబ్బాను దేవుడి ముందు నుంచి తీసి అటక మీద పెట్టింది. బావ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. నా మంచినీళ్ళ చెంబు ఆయనే తెచ్చి నా పక్కన పెట్టాడు.

శుక్రవారం తొమ్మిదింటికి షెడ్డులో కర్పూరం వెలిగించారు. మామూలు నూనె డబ్బాకే అక్క బొట్టు పెట్టింది. నేను తూర్పుముఖంగా నిలబడి గరాటులో పోశాను. కొంచెం ఒలికింది కూడా. మునిసామి ఇంజను తిప్పగానే వెనకాల గుప్పుమని నీలం పొగ వచ్చింది. అక్క నా భుజం పట్టుకుంది. బావ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. బిగించేటప్పుడు సిలిండర్లకు పూసిన నూనె కాలుతోందని, కాసేపు ఓర్చుకోమని మునిసామి అన్నాడు. పావుగంటకు పొగ సన్నబడింది, ఇంకో పది నిమిషాలకు అసలు కనబడలేదు. ఇప్పుడే సంబరపడవద్దని, వెయ్యి మైళ్ళు తిరిగితే కాని ఏ మాటా చెప్పలేనని మునిసామి తేల్చేశాడు.

నా తిరుగు ప్రయాణం కృష్ణగిరి మీదుగా. రైలుకు వద్దని బావే కారులో బయల్దేరదీశాడు. పదకొండున్నరకు ధర్మపురి వదిలాం. గంటకు నలభై కిలోమీటర్లు దాటకూడదని మునిసామి హుకుం. లారీలు, బస్సులు, చివరికి ఒక మోపెడ్డు కూడా మమ్మల్ని దాటిపోయాయి. నేను మాటిమాటికీ వెనక అద్దంలోంచి పొగ కోసం చూస్తూనే ఉన్నాను. కారిమంగళంలో ఆగి కాఫీ తాగాం. బావ ఆయిల్ కొలిచే ఇనుపపుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి తీసి, నాకూ చూపించాడు. నూనె పోసిన మట్టంలోనే ఉంది.

ఒంటిగంటకు కృష్ణగిరి చేరాం. పలమనేరు మీదుగా చిత్తూరు పోయే బస్సు నిలబడి ఉంది. సంచి పైన పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. బావ కిటికీ కింద నిలబడ్డాడు.

"బామ్మర్దీ, మీ అక్కకు చెప్పొద్దు. నీ జవాబు వచ్చినాక, ఇంక పొగ తప్పదనుకోని, నేను బొంబాయి లారీ ఓనరు కాడికి రెండు తూర్లు పోయి వచ్చినాను. సోమవారం నుంచి వస్తానని మాట కూడా ఇచ్చినాను. ఇప్పుడు పోయి, రానని చెప్పల్ల."

నేను ప్రేమగా మోసుకెళ్ళిన డబ్బాను కాదనడానికి బదులు, ఈ మనిషి ఇల్లు విడిచి పోవడానికి సిద్ధపడ్డాడు. దారంతా చేతులు నొప్పి పుట్టేలా నేను మోసింది నా గొప్పనే. క్షమించు బావా అనే లోపల బస్సు కదిలింది.

కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. బావ కారు తిప్పుకుని ధర్మపురి రోడ్డెక్కాడు. ముందు ఒక ఎద్దులబండి పోతోంది. హారను కొట్టలేదు, దాటే తొందర చూపలేదు. దాని వెనకే మెల్లగా ఇంటికి పోతున్నాడు.