మగ్గు బయట, నేను లోపల

మా హాస్టల్లో మగ్గులు నిలవవు. మాదాపూర్‌లో ఉండాల్సిన సౌకర్యాలన్నీ ఉన్నాయని గేటు పక్క బోర్డు మీద రాశారు. అందులో మగ్గు ఊసు లేదు కాబట్టి అబద్ధమనీ అనలేం.

అప్పట్లో నేనూ మా రూమ్మేటూ ఒకే కంపెనీలో బెంచి మీద ఉన్నాం. అంటే పని లేదు, జీతం ఉంది. ఆ రెండోది ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పడం లేదు. ఇంతలో ఒక ప్రాజెక్టులో ఒకే ఒక్క ఖాళీ వచ్చింది. ఇద్దర్నీ ఇంటర్వ్యూకి పిలిచారు. ఆపరేటింగ్ సిస్టమ్ మూలసూత్రాలు అడుగుతారట. నేను చదివింది మెకానికల్. సిస్టమ్ ఆన్ చేయడం వరకు నాకు మంచి పట్టుంది. సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన రూమ్మేటుది కంప్యూటర్ సైన్సు. పోటీ నాతోనే అని తెలిసీ నాకు పాఠం చెప్పాడు. డెడ్‌లాక్ ఒక్కటే బుర్రకెక్కలేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున బాత్రూమ్‌లో ముఖానికి సబ్బు పట్టించాక చూస్తే, కదలని డ్రమ్ములో చేతికి అందీ అందనంత లోతున నీళ్లున్నాయి, మగ్గు లేదు.

"మగ్గు నా తాన ఉందన్నా. జర బయటికి రా, ఇస్త," అన్నాడు రూమ్మేట్ తలుపవతల.

"ముందు మగ్గివ్వరా, స్నానం చేసొస్తా."

"ఇస్తే నువ్వు ఇగ రావు. నాకూ ఇంటర్వ్యూ ఉంది గద."

అతను మగ్గు ఇవ్వడు, నేను బాత్రూమ్ వదలను. కళ్లు మండుతున్నాయి.

"అన్నా! గిదే డెడ్‌లాక్ అంటే!" అన్నాడు, ఎట్టకేలకు పాఠం నా బుర్రకెక్కించిన సంతోషంతో.

హాస్టల్ ఆంటీ వచ్చి, "ఏంది పొద్దుగాల్నే లొల్లి?" అంటూ అతని చేతిలోంచి మగ్గు లాక్కుని తలుపు మీంచి లోపలికి విసిరింది. నా భుజానికి తగిలింది. అంతకుమించి నష్టమేమీ లేదు.

ఇంటర్వ్యూలో మేడమ్ డెడ్‌లాకే అడిగారు. మగ్గు సంగతి చెప్పాను. నవ్వారు. సీటు నాదే అనుకున్నాను.

"బావుందండి. అలా లాక్కునేవాళ్లు లేకపోతే?"

"ఇద్దరిలో ఒకణ్ణి తీసెయ్యాలండి."

"ఎవర్ని?"

"ఇప్పటిదాకా తక్కువ పని చేసినవాణ్ణి," అన్నాను, రూమ్మేట్ చెప్పింది చెప్పినట్టుగా.

ఆవిడ ఒక్క ప్రాజెక్టూ లేని నా రెజ్యూమె ఒకసారి పైనుంచి కిందికి చూశారు.

"అయితే మీరే కదండీ."