పోయాడు అన్న మాట

మా మావయ్య బతికుండగానే పందొమ్మిదేళ్ళపాటు చనిపోయినవాళ్ళ జాబితాలో ఉన్నాడు. అందులో మా అమ్మ చెయ్యి ఉంది. ముందు మావయ్య సంగతి చెప్పి తర్వాత అమ్మ దగ్గరికి వస్తాను. అమ్మతో మొదలుపెడితే ఇక మావయ్యకు చోటు మిగలదు.

మావయ్యది లాండ్రీ. వీధి మలుపులో పొడుగ్గా, ఇరుగ్గా ఉండే గది. ముందు బల్ల, బల్ల వెనక ఆవిరి ఇస్త్రీపెట్టె, ఆ వెనక మూడు వరసల తీగల మీద వేలాడే బట్టలు. బట్ట చేతికందగానే కాలరు లోపల చెరగని సిరాతో గుర్తు పెట్టేవాడు. ఒక అక్షరం, దాని కింద ఒకటో రెండో చుక్కలు. చిట్టీ పారేసుకుని లబోదిబోమంటూ వచ్చినవాళ్ళకు కాలరు తిప్పి చూపించి, "తను ఎవరిదో బట్టకి తెలుసండీ, మర్చిపోయింది మీరే," అనేవాడు. గోడమీద మాత్రం ఎర్రక్షరాల బోర్డు: 'నెల దాటిన బట్టలకు బాధ్యత మాది కాదు.' మనిషి మాట కూడా ఆ బోర్డులాగే ఉండేది. ముక్కుసూటితనం, ముక్కుమీది కోపం రెండూ మోసే ఆ ముక్కుకి ఎంత బరువో పాపం.

ఆ కోపంతోనే చర్చి సంఘాన్ని వదిలాడు. వాళ్ళ తమ్ముడు, మా చిన్న మావయ్య, జబ్బుపడితే రెండు నెలలు మందిరంలో మోకాళ్ళ మీద ఉన్నాడు. తమ్ముడు దక్కలేదు. సమాధి చేసిన తర్వాతి ఆదివారం ఆరాధన మధ్యలో లేచి నిలబడి, "ఇంత బతిమాలినా వినని దేవుడి దగ్గర నాకు పనేమీ లేదు. మీ రక్షణ నాకొద్దు. నా పేరు కొట్టెయ్యండి," అని అందరి ముందూ అనేసి బయటికి నడిచాడు. అప్పట్లో సంఘం సభ్యుల పుస్తకం రాసేది మేష్టారు. బడిలో మావయ్యకు అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే.

తర్వాత మావయ్య షాపు, కాపురం ఊరి అటు చివరికి మార్చేశాడు. మా ఇంటికి వచ్చేవాడు, తినేవాడు, నన్ను ఏడిపించేవాడు. ఎవరైనా ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే చాలు, చెప్పులు వెతుక్కునేవాడు.

ఇక అమ్మ. ఏడాదికోసారి, ఒక ఆదివారం మధ్యాహ్నం, మందిరం నుంచి వచ్చీ రాగానే సంచీ నిండా బట్టలు కుక్కుకుని, రెండు బస్సులు మారి మావయ్య షాపుకి వెళ్ళేది.

"అక్కా, వీటికి ఇంకెక్కడ ముడతలున్నాయి? నిన్ననే ఇస్త్రీ చేసినట్టున్నాయి కదా!"

"నా కంటికి కనబడ్డాయి. నోరు మూసుకుని చెయ్యి."

అతను చేస్తున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని అతన్ని కిందికీ పైకీ చూసేది. అయిపోగానే లేచి వచ్చేసేది. చాదస్తమనుకున్నాం.

పందొమ్మిదో ఏడు ఒక ఆవిడ మావయ్య షాపు గుమ్మంలో తటపటాయిస్తూ నిలబడింది. ఆరేళ్ళ కిందట ఉన్ని కోటు ఇచ్చి ఊరు వదిలి వెళ్ళిందట. "ఉండదని తెలుసండీ, ఊరికే అడిగి వెళ్దామని," అంది. మావయ్య వెనక తీగ మీంచి ఒక సంచీ దించి, కోటు తీసి, కాలరు తిప్పి చూపించాడు. ఆరేళ్ళూ ఏడాదికి రెండుసార్లు ఎండకు ఆరేసి దులిపి పెట్టాడు దాన్ని. ఆవిడ కోటు గుండెలకు అదుముకుని ఏడ్చేసింది.

"బాధ్యత మీది కాదని బోర్డు పెట్టారు కదండీ, ఎందుకుంచారు?"

"బాధ్యత నాది కాదన్నాను గానీ, కోటు మీది కాదన్లేదు కదమ్మా."

అన్నాడు గానీ, ఆ మాట తనకే తగిలింది. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, అమ్మ బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూలబడ్డాడు.

"అక్కా, నాది ఉంటుందంటావా?"

"ఏదిరా?"

"అదే... రక్షణ. నలుగురిలో నిలబడి వద్దని వచ్చాను. వద్దన్నవాడికి ఇంకా ఉంటుందా? పోయిందా?"

అమ్మ చేట పక్కన పెట్టింది. "అయ్యగారిని అడగరా," అంది.

అయ్యగారు ఈమధ్యే వచ్చిన పాస్టరు, వయసులో చిన్నవాడు. మావయ్య వెళ్ళి, "నా దగ్గర బట్టలేసే ఒకాయన సంగతండీ," అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. పాస్టరు నిజాయితీపరుడు, గాలిమాటలు చెప్పలేదు. ఒకసారి దేవుడి చేతిలో పడ్డవాణ్ణి ఎవరూ లాక్కోలేరని నమ్మేవాళ్ళున్నారనీ, తెలిసి తెలిసి విడిచిపెట్టినవాడు పోగొట్టుకుంటాడని భయపడేవాళ్ళూ ఉన్నారనీ, రెండువైపులా వాక్యం ఉందనీ చెప్పాడు. "ఒక్కటి మాత్రం చెప్పగలనండీ. పోయిందేమోనని ఆయన భయపడుతున్నారంటే, ఆయన్ని ఎవరో పిలుస్తున్నట్టే. రమ్మనండి."

మావయ్యకు అది ఆనలేదు. "చొక్కా తెల్లబడుతుందా లేదా అంటే సబ్బుల సంగతి చెప్పాడు," అని గొణుక్కున్నాడు. అయినా అమ్మతో, "ఈ ఆదివారం వస్తాను, వెనక బెంచీలో కూర్చుంటాను. అక్కడ కూర్చోగలనో లేదో చూస్తాను. కూర్చోలేకపోతే నాది పోయినట్టే. మళ్ళీ నన్నడగొద్దు," అన్నాడు.

ఎగిరి గంతెయ్యాల్సిన అమ్మ క్యాలెండరు వైపు చూసి తెల్లబోయింది. "వచ్చే వారం వెళ్దాంలేరా."

"పందొమ్మిదేళ్ళకి కాలు కదిలింది. వాయిదాలెయ్యకు."

ఎందుకు వద్దంటోందో అమ్మ చెప్పలేదు. చెప్పే ముఖం లేదు.

ఆ ఆదివారం మావయ్య తనే ఇస్త్రీ చేసుకున్న తెల్లచొక్కాలో చివరి బెంచీ కొసన, గుమ్మానికి దగ్గరగా, నా పక్కన కూర్చున్నాడు. లేచి పోవడానికి వీలుగా అన్నమాట. పాటలు అయ్యాయి. ఇప్పటి సెక్రటరీగారు సభ్యుల పుస్తకం తెచ్చి, "ఏటా ఈ ఆదివారం చదివినట్టే, ప్రభువునందు నిద్రించిన మనవాళ్ళ పేర్లు చదువుతాను. వాళ్ళను చివరిదాకా కాపాడినందుకు దేవునికి స్తోత్రం చెబుదాం," అన్నారు. ఒక్కో పేరుకీ అందరూ స్తోత్రం అంటున్నారు. మావయ్య పెదవులు కదపలేదు. ఇంతలో చిన్న మావయ్య పేరు వచ్చింది. మావయ్య తల వంచుకుని, నాకు మాత్రమే వినపడేలా, "స్తోత్రం," అన్నాడు. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ నోట వచ్చిన మొదటి స్తోత్రం అది.

ఆ వెంటనే సెక్రటరీగారు తర్వాతి పేరు చదివారు. తండ్రి పేరుతో సహా మా మావయ్య పేరు.

"స్తోత్రం!" అంది సంఘమంతా.

మావయ్య లేచి నిలబడ్డాడు. "అయ్యా... నేను పోలేదండీ. ఇక్కడే ఉన్నాను."

సెక్రటరీగారు కళ్ళజోడు సర్దుకుని పుస్తకంలోకి చూశారు, మనిషిని చూశారు, మళ్ళీ పుస్తకంలోకి చూశారు. "ఇక్కడ పోయాడని రాసి ఉందండీ!" మనిషికన్నా పుస్తకం మీదే ఆయనకు నమ్మకం ఎక్కువలా ఉంది.

ముందు బెంచీలోంచి మేష్టారు కర్ర ఊతంతో లేచారు. ఎనభై దాటాయి ఆయనకు. "రాసింది నేను. కొట్టెయ్యమన్నాడు, నాకు చెయ్యి రాలేదు. వెళ్ళిపోయాడన్న అర్థంలో పోయాడని రాశాను. మీరొచ్చి చచ్చిపోయాడని చదువుకున్నారు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం మేష్టారూ?"

"మొదటి ఏడాదే చెప్పబోయాను. వాళ్ళక్క చెయ్యి పట్టుకుని ఆపేసింది."

అన్ని తలలూ మా అమ్మ వైపు తిరిగాయి. అమ్మ లేచింది. తప్పు దొరికినా తల దించే రకం కాదు. "అవును, ఆపాను. వీడు బతికున్నాడని తెలిసిన పాతవాళ్ళనీ ఆపాను. తప్పు దిద్దితే వీడి పేరు ఎక్కడా ఉండదు. ఇలాగైతే ఏడాదికోసారైనా ఈ గోడల మధ్య వినబడుతుంది, నలుగురూ వీడికోసం స్తోత్రం చెప్తారు. చెప్పనిద్దామనుకున్నాను." తమ్ముడి వైపు తిరిగింది. "కానీ నిన్ను పోయినవాళ్ళలో చదువుతుంటే గుండె జారిపోయేదిరా. అందుకే ప్రతిసారీ నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చేదాన్ని."

"ఆ ఇస్త్రీ బట్టలు..." అన్నాడు మావయ్య.

"ఆ బట్టలే. ముడతలెక్కడున్నాయిరా వాటికి!"

ఎవరో నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, "బట్టలేసే ఒకాయన మీరేనన్నమాట," అన్నారు. మావయ్య నవ్వలేదు. బెంచీ పట్టుకుని నిలబడి, "నేను తిట్టుకుంటూ తిరిగినన్నాళ్ళూ ఇక్కడ నా కోసం స్తోత్రం చెప్పారా?" అని మాత్రం అనగలిగాడు. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. నాకూ ఆగలేదు. రక్షణ పోతుందా పోదా అన్నది పెద్దలు ఇంకా తేల్చుకోవాల్సిన సంగతే అయితే తేల్చుకోనీ. మా మనిషి మాకు దక్కాడు. అందుకు ఎవరికి ఎన్ని దండాలు పెట్టినా నాకు తనివి తీరదు.

సెక్రటరీగారు నొచ్చుకుంటూ కలం మూత తీశారు. "క్షమించండి, ఈ మాట ఇప్పుడే కొట్టేస్తాను."

"కొట్టకండి. పోయిన మాట నిజమే." మావయ్య చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని ముందుకు నడిచాడు. "పక్కన జాగా ఉంటే, వచ్చాడని రాయండి."

సెక్రటరీగారు పుస్తకం అతని వైపు తిప్పారు. మేష్టారి గుండ్రటి చేతిరాత గీత మొదట్లో ఒక మూలకి ఒదిగి, చిన్న అక్షరాలతో ఉంది. మిగతా గీతంతా ఖాళీ.

"ఉంటుందిరా," అన్నారు మేష్టారు వెనకనుంచి. "ఉంచే రాశాను."