“మల్ల ఎప్పుడు పోతవ్?”: జగిత్యాల నుంచి సిరిసిల్లకు రాజేశంతో ఒక రోజు

మీరు చప్పట్లు కొట్టి ఇంటికి పోయే రకం. అవును, మిమ్మల్నే అంటున్నాను. మంచుకొండ మీద జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి ఫొటో కనబడగానే నలుగురికి పంపిస్తారు, ‘మనోడు’ అంటారు, కింద ‘తర్వాత ఏ శిఖరం?’ అని రాస్తారు. ఆ మనిషి చొక్కా గుండీలు ఇప్పుడు ఎవరు పెడుతున్నారో ఒక్కరూ అడగరు. కొండలెక్కాలని బ్యాగులు సర్దుకుంటున్న పిల్లలు ఈమధ్య దారీ ఖర్చూ చెప్పమని నాకు రాస్తున్నారు. చెబుతాను. నాకు తెలిసిన దారి హిమాలయాల్లో లేదు. జగిత్యాలలో మొదలై, కోరుట్ల మీదుగా పోయి, సిరిసిల్లలో ఒక రేకుల షెడ్డు ముందు ఆగుతుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, సమ్మెతో బస్సులు బందైనప్పుడు, రాజేశంతో కలిసి పోయిన దారి అది.

రాజేశం మా ఊరివాడే, సిరిసిల్లలో సాంచె నడిపే మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపుకు పోయి కొండలెక్కే తాడు పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. పెళ్లయింది, బిడ్డ పుట్టింది, అయినా ఏటా సాంచె బందుపెట్టి ఉత్తరాది రైలెక్కేవాడు. మా ప్రయాణానికి ముందటి ఏడాది, తన సాంచె మీదే నేసిన గుడ్డ మీద ‘జై తెలంగాణ’ అని రాయించుకుని పోయాడు. శిఖరం కళ్ల ముందే ఉంది. గాలికి గుడ్డ అంచు చిరిగి పోగులు లేచాయి. సాంచె మీద పోగు తెగితే ఆపి ముడి వేయడం చిన్ననాటి నుంచి చేసిన పని. తెగిన పోగు కంటబడితే ఆ చెయ్యి ఊరుకోదు. రాజేశం చేతి తొడుగులు తీసేసి, ఆ గాలిలో కూర్చుని, పోగులు ముడేశాడు! కొండలెక్కే వాడెవడైనా చేస్తాడా ఆ పని? నేతగాడే చేస్తాడు. కుడిచేతి వేళ్లు మంచుకు నల్లబడ్డాయి. పైదాకా పోకుండానే దింపుకొచ్చారు. ఆస్పత్రిలో మూడు వేళ్లు సగానికి తీసేశారు.

అలాంటి మనిషికి జగిత్యాల దీక్షా శిబిరంలో సన్మానం పెట్టారు. అప్పుడు నేను జగిత్యాలలోనే ఉండేవాణ్ణి. ముందురోజు రాజేశం భార్య పద్మ ఫోన్ చేసింది.

“అన్నా, వాళ్లు శాలువ కప్పుతరు, మైకు ఇస్తరు. మైకు చేతికస్తే గీయన మల్ల పోత అంటడు. పదిమందిల మాటిచ్చిండంటె ఇగ ఆగడు. నువ్వు పక్కనుండి, మాటియ్యకుంట ఇంటికి తోల్కరా. గంతే.”

“నా మాట ఇంటడా పద్మా?”

“నాదైతే ఇంటలేడు గదా. నీదన్న ఇంటడేమో సూద్దాం.”

పొద్దున్నే చౌరస్తాలో టెంటు కింద చేరాం. టీచర్లు, వకీళ్లు, మున్సిపాలిటీ కార్మికులు ఒకే జంపఖానా మీద కూర్చున్నారు. అలా మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు, అది వేరే సంగతి. రాజేశం కుడిచేతిని తువ్వాలలో దాచుకుని వచ్చాడు. శాలువా కప్పారు. “మల్ల ఎప్పుడు పోతవన్నా?” అని వెనక నుంచి కేక. మైకు అతని వైపు పోతుంటే నేను లాక్కున్నాను. నీళ్ల గురించి, నియామకాల గురించి ఎంతసేపు దంచానంటే, చివరికి జనమే లేచి చాయ్‌కి పోయారు.

“నాకు మైకు అందకుంట జేసినవ్ గదనే,” అన్నాడు రాజేశం నవ్వుతూ.

“ఆకలైతుంది. నడువ్.”

బస్సులు లేవు కాబట్టి జీపు. జగిత్యాల నుంచి కోరుట్లకు మామూలు రోజుల్లో బస్సులో గంటలోపే పోవచ్చు. సమ్మె రోజుల్లో జీపువాళ్లు బస్సు టికెట్టుకు రెట్టింపు అడిగేవారు. మా డ్రైవరు మాత్రం శాలువానూ చేతినీ చూసి డబ్బు వద్దన్నాడు.

“కొండెక్కే అన్నవు నువ్వేనా? పేపర్ల సూసిన. మల్ల ఎప్పుడు?”

“ముందు చూసి నడుపు తమ్మీ, గుంతలున్నయ్,” అన్నాను.

“గుంతలు నాకెర్క లేదా సార్? దినాం ఎక్కుడు, దిగుడే గద నా బతుకు. నాకెవ్వలు శాలువ గప్పరు!”

కోరుట్ల దగ్గర రోడ్డు ఆగిపోయింది. వంటా వార్పు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులుగా కూర్చుని తినడం. ఉద్యమం కనిపెట్టిన రాస్తారోకో అది. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. ఎండ, పొగ, పాట. ఆ అన్నం రుచి ఆ తర్వాత ఏ ఇంట్లోనూ దొరకలేదు నాకు. ఇప్పుడు ఆ రోడ్డు మధ్యలో డివైడరుంది, ఆ డివైడరు మీద ఫ్లెక్సీలున్నాయి. కోపం రాదా?

వడ్డిస్తున్న లచ్చవ్వ, బీడీలు చేసే ముసలామె, రాజేశం విస్తరి దగ్గర ఆగింది.

“చేతికేమైంది కొడుకా?”

“మంచు తిన్నదవ్వా.”

“మరి అన్నమెట్ల తింటున్నవ్?”

“ఎడమచేత్తోని.”

ఆ రోజంతా అతన్ని ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. ఆమె ఇంకో గరిటె పప్పు పోసింది. అంతలో ఒక కుర్రాడు మైకు తెచ్చి రాజేశం నోటి దగ్గరే పెట్టాడు. “అన్న చెప్పాలె! మల్ల ఎప్పుడు?” అందరూ లేచి నిలబడ్డారు. నేను చెయ్యి పట్టుకుని గుంజాను. రాజేశం నా వైపు చూడలేదు.

“పోత,” అన్నాడు. “ఈసారి పైదాక పోత.”

కోరుట్ల దద్దరిల్లింది. నాకూ ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు! లచ్చవ్వ మాత్రం గరిటెతో గిన్నె మీద కొట్టి, “ఇంట్ల అడిగినవా?” అంది. నినాదాల్లో అది ఎవరికీ వినబడలేదు.

అక్కడి నుంచి ట్రాలీ ఆటో. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ మీదుగా సిరిసిల్ల. వరి పొలాలు, మధ్యలో బోడిగుట్టలు. ప్రతి గుట్టనూ రాజేశం కళ్లతోనే ఎక్కుతున్నాడు. చందుర్తిలో చాయ్ తాగుతుంటే నిలదీశాను.

“జెండ కోసమే అయితే మనూరి గుట్ట మీద పాతు. ఎవడొద్దన్నడు?”

గ్లాసు కింద పెట్టాడు. “జెండ కోసం కాదే. పుట్టిన కాంచి చెవులల్ల సాంచె చప్పుడే. ఆడ ఏం చప్పుడుండదు. నా ఊపిరి నాకు వినవడ్తది. గదొక్కసారి విన్నంక ఈడ ఉండబుద్ధి కాదు.”

వాదించడం నా వృత్తి. ఆ పూట మాత్రం చాయ్ డబ్బులిచ్చి ఆటో ఎక్కాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి కబురు మాకంటే ముందే చేరింది. షెడ్డులో సాంచె ఆడుతోంది. గుమ్మంలో పద్మ చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తలేదు.

“ఇచ్చినవటగా మాట.”

రాజేశం షెడ్డులోకి పోయాడు. ఒక పోగు తెగింది. సాంచె ఆపి, వంగి, సగం వేళ్లతో ముడి వేయబోయాడు. పోగు జారింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. పద్మ చాట పక్కన పెట్టి లేచి, అతని చేతిలోంచి పోగు తీసుకుని, ఒక్క క్షణంలో ముడేసింది.

“ఊపిరి వినవడ్తదంట గద ఆడ,” అంది. “నాకెప్పుడో చెప్పినవ్ గది. నీ ఊపిరి నాకు ఈడ వినవడాలె. గదెవ్వలు అడుగరు.”

మరుసటి ఏడు రాజేశం మళ్లీ కొండకు పోయాడు. పైదాకా ఎక్కాడు. ఫొటో పేపర్లో వచ్చింది, మీరు చూసే ఉంటారు, చప్పట్లూ కొట్టే ఉంటారు. ఎడమచేతి వేళ్లు అక్కడే వదిలి వచ్చాడు. రాష్ట్రం వచ్చింది. సాంచె అమ్మేశారు. మొన్న అదే దారిలో పోయి చూసి వచ్చాను. షెడ్డులో చప్పుడు లేదు. అతను కోరుకున్న నిశ్శబ్దం ఇంటికే వచ్చి కూర్చుంది, దానికే ఇప్పుడు అతనికి నిద్ర పట్టడం లేదు. పొద్దున పద్మ చొక్కా గుండీలు పెడుతుంటే కిటికీలోంచి గుట్ట వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆ టెంట్లు, ఆ పొగ, ఆ ఒకే జంపఖానా తలుచుకుంటే నాకూ కళ్లలో అదే చూపు వస్తుంది. ఎత్తుల్లోకి పోయి వచ్చినవాళ్లకు కింద ఎలా బతకాలో ఎవరూ నేర్పలేదు.

ఈ దారిలో పోయేవాళ్లకు ఒక్క సలహా: సోమవారం వద్దు. వేములవాడలో గుడి రద్దీకి బండి కదలదు. మిగతా రోజుల్లో కోరుట్లలో పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం అన్నం వేళకు సిరిసిల్లలో ఉంటారు.

ఇక నా డిమాండ్లు:

కొండకు పంపేవాళ్లు, తిరిగొచ్చాక వైద్యం ఖర్చూ భరించాలి.

వేళ్లు పోయిన నేతగాడికి వేళ్లతో పనిలేని ఉద్యోగం ఇవ్వాలి. శాలువా వద్దు.

మైకు ఇచ్చే ముందు ఇంట్లోవాళ్లను అడగాలి.

రాజేశం ఎక్కడ కనబడినా, “మల్ల ఎప్పుడు?” అని ఎవరూ అడగొద్దు. “అన్నం తిన్నవా?” అని అడగండి.