పేపర్లో పడిన పెళ్లి

మా వంశవృక్షంలో పెదనాన్న పక్క గడి చాలాకాలం ఖాళీగా ఉండేది. పెదమ్మను పెళ్లి లేకుండానే తెచ్చుకున్నాడని బాబాయి వాదన. "తాళి కడితే ఎవుడు సూసాడ్రా?" అనేవాడు. పెదమ్మది ఎప్పుడూ ఒకటే జవాబు: "మా పెళ్లి పేపర్లో పడ్డాది."

శ్రీకాకుళం గ్రంథాలయంలో పాత పేపర్ల పెళ్లి వార్తలన్నీ చదివి, లేదని పెదమ్మకు చెప్పాను.

"అందులో ఎందుకుంటాదిరా? లారీ బోల్తాల్లో సూడు."

దొరికింది. సాలూరు దగ్గర పెళ్లివారి లారీ బోల్తా పడి, కొత్త భార్యతో వస్తున్న పెదనాన్నకు చెయ్యి విరిగిందట. ఆయన పేరు, ఊరు ఉన్నాయి. ఆమె పేరు లేదు. చదివి వినిపించాను.

పెదమ్మ వంకరగా అతికిన మోచెయ్యి చూపించింది. "సెయ్యిరిగింది నాకురా. దెబ్బ నాకు, పేరు ఆయనకి. కాపరమంతా అదే వరస. ఇంకేటి రుజువు కావాలి మీ బాబాయికి? రాసుకో."

గడిలో ఆమె పేరు రాశాను.