బీరయ్య సార్ తిన్న మక్కరొట్టె

నల్గొండలో మా సందు చివర పిండిగిర్ని ఉంది. జొన్నలో, పసుపుకొమ్ములో పడుతున్నంతసేపు నాకేమీ కాదు. గోధుమలు పోసిన మరుక్షణం తెలిసిపోతుంది. వేడెక్కిన పిండి వాసన, కొంచెం తియ్యగా, కిటికీలోంచి వస్తుంది. ఎవరికైనా ఆకలి పుట్టించే వాసనే. నేను మాత్రం లేచి కిటికీ మూస్తాను. "ఏమైంది మామా, దుమ్మొస్తాందా?" అని మా కోడలు అడుగుతుంది. ఔనంటాను. బీరయ్య సార్ సంగతి ఆమెకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలో నాకు తెలియదు. అందులో నేను చేసిన పని కూడా ఉంది కాబట్టి, ఎప్పుడూ మొదలుపెట్టలేదు.

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజుల్లో, నందికొండలో ఆయన నాకు పై అధికారి. మట్టి పరీక్షలు చేసే గదిలో నేను చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. కట్టకు పోసే మట్టిని తెచ్చి తూచడం, ఎండబెట్టి మళ్లీ తూచడం, అందులో ఎంత నీరుందో రాయడం మా పని. సార్‌ది ఆత్మకూర్ దగ్గర పల్లె. గొర్ల మందల వెంట బతికిన ఇల్లు. ఆ ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషి ఆయనే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట మెల్లగా వచ్చేది.

చేరిన వారంలోనే ఒక తప్పు చేశాను. ఒకే గుంతలోంచి తెచ్చిన మట్టి కదా అని, చివరి ముద్దను రెండోసారి తూచకుండానే పక్కదాని అంకె రాసేశాను. సార్ కాగితం చూసి, "ఇది తూచినవా?" అన్నాడు.

"అన్నీ గంతే వస్తున్నయి సార్."

"తూచినవా అని అడుగుతున్న."

లేదన్నాను. ఆయన గొంతు పెంచలేదు. గొడుగు తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని, ఎండలో మట్టిగుంత దాకా నడిచాడు. కొత్త మట్టి తవ్వించాడు. తిరిగి వస్తుంటే దారిలో అన్నాడు: "రేపు గా కట్ట కింద ఊర్లుంటయి నర్సింహా. తెల్వకుంటే తెల్వదని చెప్పు. నాకేం కోపం రాదు." మా నాన్న కూడా నా తప్పును అంత మర్యాదగా దిద్దలేదు. నేను మనిషిగా ఏదైనా నేర్చుకొని ఉంటే ఆ రోజు ఆ దారిలోనే నేర్చుకున్నాను. ఎంత నేర్చుకున్నానో మీకే తెలుస్తుంది.

సార్ బయట ఎక్కడా తినేవాడు కాదు. ఒక స్టోర్‌కీపర్ కొడుకు బారసాల నాడు విస్తట్లో పూరీలు, రవ్వకేసరి వడ్డిస్తే, చేతులు జోడించి మజ్జిగ మాత్రం తాగి లేచాడు. ఆయన గడప దాటకముందే, "గొర్లు కాసెటోళ్లు, ఇప్పుడు మనింట్ల తినరట" అని ఎవరో అన్నారు. ఆయనకు వినబడింది. ఇంటికి వెళ్తుంటే నాకు చెప్పాడు. చిన్నప్పుడంతా జొన్న గటక, జొన్న రొట్టె తిని గుండ్రాయిలా ఉండేవాడట. చదువుకోవడానికి పట్నం వెళ్లి, హాస్టల్లో చపాతీలు మొదలుపెట్టాక నెలల తరబడి విరేచనాలు పట్టుకొని సగం మనిషయ్యాడట. "ఆఖరికి దవాఖానల ఒక ముసలి డాక్టర్ చెప్పిండు. గోధుమ నీకు ఇసం, చిటికెడు గూడ ముట్టకు అన్నడు. జబ్బుకు పేరు గూడ చెప్పిండు గని నాకు నోరు తిరుగలే." ఇప్పుడు దాన్ని సీలియాక్ అంటున్నారు. అప్పుడు మా కాలనీలో ఎవరికి చెప్పినా నమ్మేవాళ్లు కాదు. గోధుమ పడని మనిషి ఉంటాడా అని నవ్వేవాళ్లు.

నాలుగేళ్ల తర్వాత మా ఇద్దరికీ పంజాబ్‌లో ఒక ఆనకట్ట దగ్గర మూడు నెలల శిక్షణకు ఉత్తర్వు వచ్చింది. సార్ భార్య సత్తెమ్మక్క ఆ మాట విని కూలబడిపోయింది. ఆమె లెక్కలో అది పరాయి దేశమే. "గాడ మూడు పూటలు గోధుమ రొట్టెలే అంటగద తమ్మీ! ఆయన ఒక్కడు అడిగీ అడిగీ ఇసుగొస్తడు. నువ్వు పక్కన్నే ఉండి అడగాలె" అంది. జొన్నలు విసిరి పిండి చేసింది, పేలాలు వేయించింది, మూటలు కట్టింది.

రైల్లో ఆయన జేబులోంచి ఒక చీటీ తీసి చూపించాడు. ఆయన ఉర్దూలో చదువుకున్నవాడు. ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాలతో రాసుకున్నాడు: నాకు గోధుమ తింటే ప్రాణం మీదికి వస్తుంది, గోధుమ పిండి తగిలిన గిన్నె, గంటె కూడా పనికిరావు, దయచేసి అన్నం వేరుగా పెట్టండి. స్టేషన్లలో కొందరు దాన్ని చదివి విసుక్కున్నారు. కొందరు చదవకుండానే తిరిగిచ్చారు. అలాంటిచోట మేమిద్దరం పేలాలు నమిలాం. అక్కడ దొరికింది నన్ను తినమన్నా నేను తినలేదు. అప్పుడు నేను మంచివాణ్నే.

పంజాబ్‌లో మొదటి వారాలు జొన్నపిండి మీద గడిచాయి. తర్వాత పిండి ముక్కవాసన వచ్చింది. అదృష్టం కొద్దీ మా బస పక్కన ఒక ముసలి సర్దార్ హోటల్ ఉండేది. ఆయన ఆ చీటీని కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివాడు. మారు మాట్లాడకుండా ఒక గిన్నెను బూడిదతో తోమి, అన్నం పప్పు విడిగా వండాడు. రోజూ అంతే. ఐదు వారాల తర్వాత ఆయన కూతురి పెళ్లికని హోటల్ మూసి ఊరికి వెళ్లిపోయాడు. మళ్లీ మా తిరుగుడు మొదలైంది. ప్రతి పూటా నాలుగు చోట్ల అడగాలి. వంటవాళ్లు నన్ను చూసి, "వచ్చాడయ్యా గోధుమల తనిఖీ అధికారి" అని గేలి చేసేవాళ్లు. నాకు సిగ్గుగా ఉండేది. అంతకంటే నిజం చెప్పాలంటే, సార్ మీద కోపంగా ఉండేది.

చలి బాగా పెరిగిన రోజుల్లో, రోడ్డు పక్క ధాబాలో మొక్కజొన్న పిండితో మక్కరొట్టెలు కాలుస్తున్నారని తెలిసింది. ఆ సాయంత్రం మా శిక్షణాధికారులు నలుగురు కూడా మాతో వచ్చారు. సార్ వాళ్ల మధ్య కూర్చొని, నా వైపు వంగి మెల్లగా అన్నాడు: "జర లోపలికి పోయి అడుగు నర్సింహా. పిండిల గోధుమ గిట్ల కలుపుతున్నడా, పీట మీద చల్లుతున్నడా అని."

వెళ్లాను. పొయ్యి దగ్గర వంటవాడు చెమటలు కక్కుతూ రొట్టెలు తడుతున్నాడు. నలుగురైదుగురు అతని మీద అరుస్తున్నారు. అతని ముందున్న పిండి పచ్చగానే కనిపించింది. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెనక్కి వచ్చాను.

"అడిగినవా?"

"అడిగిన సార్. ఒట్టి మక్కపిండేనట."

ఆయన మొహం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఆకుకూరతో మూడు రొట్టెలు తిన్నాడు. "మా అవ్వ కాల్చినట్టున్నది. ఎన్ని దినాలాయె రొట్టె తినక!" అన్నాడు. మర్నాడు కూడా అక్కడికే వెళ్లాం. ఆ మర్నాడు కూడా. నా మాట ఉంది కాబట్టి ఆయన మళ్లీ అడగలేదు, చీటీ బయటికి తీయలేదు.

వారం తిరిగేసరికి పొట్ట ఉబ్బడం, విరేచనాలు మొదలయ్యాయి. నీళ్లు మారాయేమో అనుకున్నాడు. వద్దంటే వినకుండా, బలం కోసమని అవే రొట్టెలు తెప్పించుకున్నాడు. పదో రోజున నేను ఒక్కణ్నే ధాబాకు వెళ్లి వంటవాణ్ని అడిగాను. అతను ఆశ్చర్యంగా చూశాడు. గోధుమపిండి కలపకుంటే మక్కరొట్టె చేతిలోనే విరిగిపోతుంది కదా, ఎప్పుడూ రెండు గుప్పెళ్లు కలుపుతాను అన్నాడు.

గదికి తిరిగి వచ్చాను. సార్ గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. తెలియదని చెబితే కోపం రాదన్న మనిషి. చెప్పడానికి నోరు తెరిచాను. "సార్, నిన్నటి సంది గోధుమపిండి కలుపుతున్నడట. ఇగ ఆ రొట్టెలు వద్దు" అని నోట్లోంచి వచ్చింది.

ఆయన ఇటు తిరిగి నన్ను చాలాసేపు చూశాడు. "గట్లనా" అన్నాడు. అంతే.

శిక్షణ పూర్తికాకుండానే ఆయన్ను తీసుకొని బయలుదేరాను. రైల్లో ఏదీ కడుపులో నిలవలేదు. నందికొండ చేరేసరికి ఆయన్ను సత్తెమ్మక్క పోల్చుకోలేకపోయింది. కాస్త కోలుకున్నాడు, మళ్లీ పడ్డాడు. ఆ ఏడు వానలు లేవు. రేషన్‌లో గోధుమలే ఇచ్చారు. ఆ గోధుమలు ఎవరికో ఇచ్చి, జొన్నల కోసం ఆమె ఊరూరూ తిరిగింది. ఎండాకాలంలో జ్వరం వచ్చింది. ఆ ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి లేదు. దవాఖానలో ఆయన మంచం పక్కన కూర్చున్న చివరి రోజు, "గా మక్కరొట్టె మాత్రం శాన బాగుండె నర్సింహా" అని నవ్వాడు. తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెల్లవారి పోయాడు. దేనివల్ల అని నేను డాక్టర్‌ను అడిగాను. ఒక్కదానివల్ల అని చెప్పలేమన్నాడు. ఆ జవాబు పట్టుకొని కొన్నాళ్లు బతకడానికి ప్రయత్నించాను.

సత్తెమ్మక్క ఆత్మకూర్ వైపు అన్నదమ్ముల దగ్గరికి వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత, అంతా చెప్పేయాలని గట్టిగా అనుకొని వెళ్లాను. దొడ్లో గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. నన్ను చూసి కాళ్లకు నీళ్లిచ్చింది, రొట్టె పెట్టింది. ఎదురుగా కూర్చొని అడిగింది.

"ఆఖర్ల ఆడ ఏం తిన్నడు తమ్మీ?"

"అన్నమే తిన్నడు అక్కా."

"గంతేలే. నువ్వు పక్కన లేకుంటే గా దేశంల ఏం పెట్టిచంపెటోళ్లో. ఆయన గూడ అన్నడు, నర్సింహ అడగంది నేను ముద్ద ముట్టలే అని."

ఆమె నా విస్తట్లో ఇంకో రొట్టె వేసింది. నేను తిన్నాను. తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది, బస్సెక్కితే పొద్దుగూకేలోపు చేరగలిగినంత దూరంలో. నేను మళ్లీ వెళ్లలేదు.